రామప్ప గుడిని తీరిగ్గా చూడాలంటే

రామప్పకి వెళ్లొచ్చినవాళ్లని ఏం చూశారని అడిగితే చాలామంది నంది పక్కన దిగిన ఫొటో ఒకటి చూపిస్తారు. అంత దూరం వెళ్లి ఇరవై నిమిషాల్లో తిరిగొచ్చేస్తే నాకు నిజంగా బాధేస్తుంది, అందుకే ఇది రాస్తున్నా.

ముందు టైం సంగతి. గుడి పాలంపేటలో ఉంది, వరంగల్ నుంచి ములుగు మీదుగా సుమారు 70 కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరండి. గుడి తూర్పు ముఖం, లేత ఎండలో ఎర్ర ఇసుకరాయి గోడలు వెలిగిపోతుంటాయి. నేను మొదటిసారి ఏప్రిల్‌లో మిట్టమధ్యాహ్నం వెళ్లాను, చెప్పులు విడిచి బండల మీద కాలు పెట్టలేకపోయాను, సగం చూడకుండానే వచ్చేశాను. ఎండాకాలమైతే సాక్స్ తీసుకెళ్లండి.

చేరగానే లోపలికి పరిగెత్తకండి. గుడి నక్షత్రం ఆకారంలో ఉన్న ఎత్తైన పీఠం మీద ఉంటుంది, దాని మీదే గుడి చుట్టూ నడవొచ్చు. మొదటి ప్రదక్షిణలో కింద వరుస మాత్రమే చూడండి: గోడ పొడవునా ఏనుగులు, ఒకదాని వెనక ఒకటి. రెండోసారి తల పైకెత్తండి. చూరు కింద ఏటవాలుగా నిలబడ్డ నల్లరాతి మదనికలు, అంటే అందమైన స్త్రీల శిల్పాలు, 12 మంది. ఒకామె ఒంటి మీద పాములు, ఇంకొకామె కాళ్లకి ఎత్తు మడమల చెప్పులు. ఒక్కొక్కరి దగ్గర కనీసం రెండు నిమిషాలు ఆగండి, నగల పూసలు కూడా విడివిడిగా లెక్కపెట్టేంత స్పష్టంగా చెక్కారు.

ఇప్పుడు లోపలికి. రంగమండపం మధ్యలో నాలుగు నల్ల స్తంభాలుంటాయి, చిన్న టార్చ్ పక్క నుంచి వేస్తే రాతి నునుపు, బొమ్మల లోతు తెలుస్తాయి. వేలితో కొడితే స్వరాలు పలుకుతుందని చెప్పే శిల్పం ఒకటుంది, దయచేసి మీరు కొట్టకండి, 800 ఏళ్ల రాయి అది.

కట్టడం కిటుకు తెలిస్తే చూపే మారిపోతుంది. పునాదిలో ఇసుక నింపారు, భూమి కదిలినా ఆ అదురుని ఇసుక మింగుతుందని. శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు, కింద రాతి మీద బరువు పడకుండా. 1213లో కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి ఇది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. పక్కనే ఉన్న చెరువూ కాకతీయులదే, గట్టు మీదికి తప్పకుండా వెళ్లండి. గుడి, చెరువు, పొలాలు కలిపి చూస్తేనే వాళ్ల లెక్క అర్థమవుతుంది.

తిరుగు దారిలో హనుమకొండలో వేయిస్తంభాల గుడి, 1163 నాటిది. శివుడు, విష్ణువు, సూర్యుడు, ముగ్గురికీ మూడు గర్భాలయాలు. ఇది ఊరి మధ్యలోనే కాబట్టి గంట చాలు.

సాయంత్రం మాత్రం వరంగల్ కోటకి ఉంచుకోండి. నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు, అంటే రాతి ద్వారాలు, నిలబడే ఉన్నాయి, మధ్యలో ఉండాల్సిన స్వయంభూ శివాలయం మాత్రం లేదు, విరిగిన రాళ్లే మిగిలాయి. తెలంగాణ చిహ్నంలో ఉన్న తోరణం ఇదే. ఒక తోరణం కింద నిలబడి ఎదురుగా ఉన్న దాన్ని చూడండి, తర్వాత మధ్యలోకి నడవండి. అక్కడ పడున్న రాళ్ల మీద కూర్చోకండి, వాటి మీద కూడా చెక్కడాలున్నాయి.