డిస్కస్ చేప గుడ్లు తెల్లబడిపోతున్నాయా? ముందు నీళ్లు చూడండి

జంట కుదిరింది, కోన్ (గుడ్లు పెట్టడానికి ట్యాంక్‌లో పెట్టే శంకువు) మీద వరసగా గుడ్లు పెట్టింది, రెండో రోజుకి చూస్తే అన్నీ పాలలా తెల్లగా అయిపోయాయి. చాలామంది ఇక్కడే మగచేపని మార్చేస్తారు, లేదంటే గుడ్లకి బూజు పట్టకుండా వేసే మిథిలీన్ బ్లూ ఇంకో నాలుగు చుక్కలు పోస్తారు. దయచేసి ఆగండి, ముందు టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) మీటర్ ముంచి చూడండి. కొత్త జంటకి మొదటి రెండు మూడు సార్లు పోవడం మామూలే, కానీ ప్రతిసారీ పోతుంటే నాకు మొదటి అనుమానం నీళ్ల మీదే.

మా బోరు నీళ్లు 800 చూపిస్తాయి, గీజర్ రాడ్‌కి తెల్లగా పేరుకుపోయే రకం. డిస్కస్ అమెజాన్ చేప, అక్కడి నీళ్లలో కాల్షియం చాలా తక్కువ. పెద్ద చేపలు మన నీళ్లకి అలవాటుపడి తింటాయి, పెరుగుతాయి, గుడ్లు కూడా పెడతాయి, అందుకే నీళ్లు బాగానే ఉన్నాయి అనుకుంటాం, గుడ్డు మాత్రం అంత కాల్షియంలో సరిగా ఫలదీకరణ చెందదు, పొర గట్టిపడితే పిల్ల బయటికి రాలేదు.

పరిష్కారం ఆర్వో నీళ్లే. టీడీఎస్ 100 దగ్గర పెట్టుకోండి. ఆర్వో 40, బోరు 800 అయితే 20 లీటర్లకి 18.4 లీటర్లు ఆర్వో, 1.6 లీటర్లు బోరు, కలిపాక మళ్లీ మీటర్ పెట్టి చూడండి. రాత్రంతా ఎయిర్ స్టోన్ వేసి ఉంచి, ట్యాంక్ వేడికి తెచ్చాకే పోయాలి.

ఆర్వో మెషిన్ ఉన్నా 150కి తగ్గట్లేదా? వంటింటి ప్యూరిఫయర్‌లో టీడీఎస్ కంట్రోలర్ గానీ మినరల్ కాట్రిడ్జ్ గానీ ఉంటుంది, తాగేవాళ్ల కోసం అది మళ్లీ లవణాలు కలుపుతుంది. మెంబ్రేన్ (లవణాల్ని ఆపే ఆర్వో ఫిల్టర్) నుంచి నేరుగా వచ్చే పైపు దగ్గరే పట్టుకోండి. వాషింగ్ మెషిన్ కోసం పెట్టుకునే సాఫ్టెనర్‌ని నమ్ముకోవద్దు, అది కాల్షియం తీసేసి సోడియం వదులుతుంది, టీడీఎస్ అలాగే ఉంటుంది.

పీహెచ్ తగ్గించడానికి అమ్మే యాసిడ్, అదే పీహెచ్ డౌన్, వేస్తే సాయంత్రం 6.5, తెల్లారేసరికి మళ్లీ 7.8 వస్తోందా? కేహెచ్ (పీహెచ్‌ని కదలకుండా పట్టి ఉంచే కార్బొనేట్ల మోతాదు) ఎక్కువుంది, అది తగ్గకుండా యాసిడ్ పోస్తూ పోతే చేపకి హింస తప్ప లాభం లేదు. బాదం ఆకులు మంచివే, నేనూ వేస్తాను, కానీ అవి హార్డ్ వాటర్‌ని సాఫ్ట్ చెయ్యవు, రంగు మాత్రం వస్తుంది.

దీనికి రివర్స్‌లో, ఉత్తి ఆర్వో పోసిన వారానికి చేపలు నల్లబడి మూల నక్కాయంటే కేహెచ్ అసలు లేక పీహెచ్ ఒక్కసారిగా పడిపోయి ఉంటుంది, అందుకే ఆ కాస్త బోరు నీళ్లు కలపమన్నది. పీహెచ్ పడిందని ఒకేసారి పైకి లాగకండి, బోరు నీళ్లు కొంచెం కొంచెంగా పోయండి.

ఇంకోటి, 800 నీళ్లలో ఉన్న జంటని ఒక్కరోజులో 100లోకి దించొద్దు, ఆ షాక్‌కి చేపే పోవచ్చు. రోజూ పదో వంతు మారుస్తూ మూడు వారాలు పట్టినా పర్లేదు. పిల్లలు పెరిగాక మళ్లీ ఇదే పద్ధతిలో మెల్లగా మామూలు నీళ్లకి తీసుకురండి.