యుద్ధంపై స్థానిక ప్రజాప్రతినిధి నోరు విప్పాలా? ఎలా తేల్చుకోవాలి?

యుద్ధం ఎక్కడో జరుగుతుంటుంది. "మీరేమంటారు?" అని వార్డు జనం మాత్రం మీ గుమ్మం ముందుకే వస్తారు. డ్రైనేజీ సంగతైతే చెప్పగలరు, దీనికేం చెబుతారు?

1. ముందు మీ చేతిలో ఏముందో చూసుకోండి. యుద్ధం, విదేశీ వ్యవహారాలు జాతీయ ప్రభుత్వం పనులు. కౌన్సిల్ తీర్మానం అభిప్రాయమే, ఆదేశం కాదు. ఈ గీత దాటితే కోర్టులు ఊరుకోవు. మయన్మార్‌తో వ్యాపారం చేసే కంపెనీల నుంచి ప్రభుత్వ కొనుగోళ్లకు అడ్డుకట్ట వేస్తూ మసాచుసెట్స్ రాష్ట్రం చేసిన చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు 2000లో కొట్టేసింది.

2. మీ ఊరికి సంబంధమేంటో ఒక్క వాక్యంలో రాయండి. హిరోషిమా మేయర్ ఏటా ఆగస్టు 6న శాంతి ప్రకటన చదువుతారు, "నీకెందుకు?" అని ఆయన్ను ఎవరడుగుతారు? మాంచెస్టర్ కౌన్సిల్ 1980లో తమ నగర పరిధిలో అణ్వాయుధాలు తయారు చేయొద్దని, ఉంచొద్దని కోరింది. అది సొంత గడ్డ గురించిన మాట. మీ ఊరి కుటుంబాలు యుద్ధభూమిలో ఉన్నా, మీ నగర నిధులు ఆయుధ కంపెనీల్లో ఉన్నా సంబంధం ఉన్నట్టే. ఆ వాక్యం రాయలేకపోతే ఆగిపోండి.

3. తీర్మానం రాయకముందే ఇరువైపుల వాళ్లనీ విడివిడిగా కూర్చోబెట్టి వినండి. అసలు కష్టమంతా ఇక్కడే. షికాగో కౌన్సిల్ 2003లో ఇరాక్ యుద్ధం వద్దని 46–1తో తీర్మానించింది. అదే కౌన్సిల్‌లో 2024 జనవరిలో గాజా కాల్పుల విరమణ తీర్మానం 24–23తో, మేయర్ వేసిన ఓటుతో గట్టెక్కింది. గొడవ పెరగడంతో సందర్శకులను బయటికి పంపాల్సి వచ్చింది. ఒక్క ఓటుతో నెగ్గినా నెగ్గినట్టే అంటారు కొందరు. నాకైతే ఒప్పుకోబుద్ధి కాదు. ఓడిన సగం మంది కూడా రేపు నీళ్ల కోసం, రోడ్ల కోసం మీ దగ్గరికే రావాలి కదా.

4. తీర్మానం పొట్టిగా ఉండాలి. ఎవరిని ఏం కోరుతున్నారో సూటిగా చెప్పండి. విశేషణాలు తీసేయండి, ఓట్లు పోయేది వాటి దగ్గరే. "పోయినసారి యుద్ధానికి ఎందుకు మాట్లాడలేదు?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది, జవాబు దగ్గర పెట్టుకోండి.

5. మాట్లాడకూడదని తేల్చుకున్నారా? ఆ సంగతీ, కారణమూ సభలోనే చెప్పేయండి. ఎజెండాలోంచి గుట్టుగా తప్పించారనుకోండి, రెండు వర్గాలకీ ఒకేసారి కోపం వస్తుంది.