ఓపెన్ సోర్స్‌లో మొదటి పుల్ రిక్వెస్ట్ ఎలా పంపాలి?

పుల్ రిక్వెస్ట్ అంటే అందరికీ తెరిచి ఉన్న కోడ్‌లో మీరు చేసిన మార్పును కలుపుకోమని దాని నిర్వాహకులను అడగడం. కోడ్ మార్పులను గుర్తుపెట్టుకునే గిట్ ఇన్‌స్టాల్ చేసుకోండి, అలాంటి ప్రాజెక్టులు ఉండే గిట్‌హబ్ సైటులో ఖాతా తెరవండి. పాత ల్యాప్‌టాప్ చాలు. ఫోర్క్ (ప్రాజెక్టు నకలు మీ ఖాతాలోకి), క్లోన్ (ఆ నకలు మీ ల్యాప్‌టాప్‌లోకి), కొత్త బ్రాంచ్ (మీ మార్పుకు వేరే పాయ) ఒక సాయంత్రంలో వచ్చేస్తాయి.

ప్రాజెక్టు మాత్రం మీరు రోజూ వాడేదే అయి ఉండాలి. కొత్తవాళ్ల కోసం గుర్తు పెట్టిన ఇష్యూలు, అంటే ప్రాజెక్టు పేజీలో నమోదైన సమస్యలు, వెతుక్కోమని అందరూ చెబుతారు. నేను వద్దంటాను. వాటి కింద అప్పటికే పదిమంది ‘నాకివ్వండి’ అని రాసి ఉంటారు. మీరు వాడే మ్యాప్ యాప్‌లో శ్రీనివాసమంగాపురం పేరు సగంలో తెగిపోతోందా? అదే మీ ఇష్యూ. తప్పు ఎప్పుడు వస్తుందో మీకు తెలుసు, పోయిందో లేదో మీరే చూడగలరు. దాన్ని ఇంకెవరైనా ఇప్పటికే రాశారేమో వెతకండి, మార్పులు ఎలా పంపాలో చెప్పే కాంట్రిబ్యూటింగ్ ఫైలు చివరిదాకా చదవండి.

అసలు చిక్కు కమిట్ దగ్గర, అంటే చేసిన మార్పులను గిట్‌లో నమోదు చేసే చోట. తిరుపతిలో నా దగ్గరికి వచ్చే ఇంజినీరింగ్ విద్యార్థులు ఎక్కువగా పాడుచేసేది ఇక్కడే. మార్చింది రెండు వరుసలు. రిక్వెస్ట్ తెరిస్తే నాలుగు వందల వరుసలు ఎరుపు (తీసేసినవి), పచ్చ (చేర్చినవి). సేవ్ చేసేటప్పుడు ఎడిటర్ దానంతటదే ఖాళీలు, కొటేషన్ గుర్తులు సర్దేసింది. విండోస్‌లోనైతే వరుస చివరి గుర్తు మారినా ఫైలంతా మారినట్టే కనిపిస్తుంది. ఆ గుట్టలో మీ రెండు వరుసలను వెతకాల్సిన నిర్వాహకుల్లో చాలామందికి ఈ పనికి జీతం లేదు. వాళ్ల సమయాన్ని గౌరవించండి.

కాబట్టి ఆటో ఫార్మాట్ ఆపండి. కమిట్‌లోకి మార్పులను చేర్చే గిట్ యాడ్ ఆదేశం పక్కన చుక్క పెట్టి అన్నీ ఒకేసారి చేర్చే అలవాటు పూర్తిగా మానేయండి. చుక్క బదులు హైఫన్, పి (-p) పెట్టండి. ఒక్కో మార్పునూ చూపించి చేర్చాలా వద్దా అని అడుగుతుంది. నెమ్మదిగా ఉంటుంది, అలాగే చేయాలి. దారిలో కనిపించిన ఇంకో తప్పును ఇందులో కలపకండి. దానికి వేరే బ్రాంచ్ తీయండి.

ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైలులో ఒక మాట మార్చి పంపడం తోడ్పాటు కాదు. పుల్ రిక్వెస్టులు పంపినవాళ్లకు టీషర్టులిచ్చిన అక్టోబరు కార్యక్రమం, 2020 హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో, ఆ టీషర్టు కోసం అలాంటివి వెల్లువెత్తడంతో, ముందుగా ఒప్పుకున్న ప్రాజెక్టులకే దాన్ని పరిమితం చేయాల్సి వచ్చింది.

వివరణలో మూడు విషయాలు రాయండి: ఏది చెడింది, ఏం మార్చారు, ఎలా పరీక్షించారు. మార్పుకు ముందూ తర్వాతా తీసిన స్క్రీన్‌షాట్లు జతచేయండి. సవరణలు అడిగితే అదే బ్రాంచ్‌లో చేసి పుష్ చేయండి (గిట్‌హబ్‌కు పంపండి). కొత్త రిక్వెస్ట్ తెరిస్తే జరిగిన చర్చంతా పాతదానిలోనే ఉండిపోతుంది. వారం దాటినా జవాబు రాకపోతే ఒక్కసారి మర్యాదగా అడగండి.