మన ఎండలకు తట్టుకునే అడవి జాతి ఆర్కిడ్: వాండా టెస్సెల్లాటా పెంపకం

అరుదైన ఆర్కిడ్లు పెంచాలనుకునేవాళ్ళు మొదట చేసే పొరపాటు మొక్క ఎంపికలోనే ఉంటుంది. మాస్‌డెవాలియా లాంటి, దక్షిణ అమెరికాలోని చల్లటి ఆండీస్ కొండల జాతులు ఫొటోలో ఎంత ముద్దొచ్చినా, రాత్రి చల్లబడని విజయవాడలోనో వరంగల్‌లోనో వేసవి దాటవు. మైదానంలో ఉండేవాళ్ళు వేడి ప్రాంతపు జాతులతోనే మొదలుపెట్టాలి. వాటిలో మొదటి పేరు వాండా టెస్సెల్లాటా. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ 1795లో కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో దీన్ని వర్ణించాడు. పసుపు కలిసిన ఆకుపచ్చ రేకుల మీద గోధుమరంగు గళ్ళు, ఊదా పెదవి, మంచి వాసన. చెట్టు మీద ఉంటుంది కాబట్టి బదనిక అనుకుంటారు గానీ, ఇది చెట్టు రసం పీల్చదు, కొమ్మను పట్టుకుని ఉంటుంది అంతే.

అడవిలోంచి పీకి తెచ్చిన మొక్కను మాత్రం కొనకండి. తెగిన వేర్లు, వాటికి అంటుకున్న బెరడు ముక్కలు, ఎండకు మచ్చలుపడ్డ ముదురు ఆకులు, ఒకే చోట రకరకాల సైజుల మొక్కలు కనిపిస్తే అవి అడవి సరుకే. అలాంటివి చాలావరకు బతకవు కూడా. నర్సరీ మొక్కలు ఒకే ఈడువి, వేర్లు బుట్టకు చుట్టుకుని ఉంటాయి. వాండా అని అమ్మేవి ఎక్కువగా సంకరాలే కాబట్టి జాతి పేరు పూర్తిగా రాసిన చీటీ అడగండి.

నాటడానికి మట్టి వద్దు, కోకోపీట్ వద్దు. ఈ వేర్ల మీద స్పాంజిలాంటి తెల్లటి పొర ఉంటుంది. నీరు తగలగానే పీల్చుకుని ఆకుపచ్చగా మారుతుంది, ఆరితే మళ్ళీ వెండి రంగుకు వస్తుంది. ఆ ఆరడం జరగకపోతే వేరు కుళ్ళుతుంది. కాబట్టి అడుగు పొడవు, ఎనిమిది సెంటీమీటర్ల మందం ఉన్న గరుకు చెక్క తీసుకోండి. రంగు, వార్నిష్, చెదల మందు తగలనిది కావాలి. టేకు చేవ చాలా ఏళ్ళు ఆగుతుంది, మామిడి కొమ్మ తొందరగా పుచ్చుతుంది. చెక్క దొరక్కపోతే పెద్ద సందులున్న బుట్టలో కడిగిన కర్రబొగ్గు, ఇటుక ముక్కలు వేసినా సరిపోతుంది.

కట్టడానికి సరైన సమయం కొత్త వేరు కొసలు పచ్చగా కనిపిస్తున్నప్పుడు, అంటే సాధారణంగా జూన్ తొలకరి తర్వాత. వేర్లను పావుగంట నీళ్ళలో ఉంచితే విరగకుండా వంగుతాయి. నొక్కితే బోలుగా ఉన్నవాటిని కోసేయండి. బ్లేడును మంటలో కాల్చి చల్లార్చి వాడాలి, మొక్కమొక్కకూ మళ్ళీ కాల్చాలి, ఎందుకంటే ఆర్కిడ్ వైరస్‌లు బ్లేడు ద్వారా పాకుతాయి, వాటికి మందు లేదు. మొక్కను నిలువుగా, మొవ్వు కాస్త ముందుకు వాలేట్టు పెట్టి చేపల గాలపు దారంతో కదలకుండా బిగించండి. కదిలే మొక్క వేరు కొస చెక్కకు రాసుకుని ఎండిపోతుంది. రాగి తీగ వాడకండి, వేర్లకు విషం.

తూర్పు బాల్కనీ మంచి చోటు: ఉదయం పదింటిదాకా ఎండ, తర్వాత 50 శాతం షేడ్ నెట్. డాబా మీదైతే పిట్టగోడకు మీటరు దూరంలో వేలాడదీయండి, సాయంత్రం గోడ సెగ కక్కుతుంది. ఆకు ముదురు పచ్చగా ఉంటే వెలుతురు చాలడం లేదని అర్థం. పూయకపోవడానికి చాలావరకు కారణం అదే. లేత పచ్చ రంగు, అక్కడక్కడా ఎర్రటి చుక్కలు ఉంటే సరిగ్గా ఉన్నట్టు. తెల్లబడి తర్వాత నల్లబడితే ఎండ దెబ్బ.

నీళ్ళు వేర్లు పచ్చబడేదాకా పోసి, ఐదు నిమిషాలాగి మరోసారి పోయండి. ఏప్రిల్, మేలలో ఉదయం ఒకసారి, నాలుగింటికి ఒకసారి. చీకటి పడేసరికి ఆకుల మొదళ్ళు ఆరిపోవాలి. చలికాలంలో రోజు విడిచి రోజు చాలు. బోరు నీళ్ళ టీడీఎస్ (నీళ్ళలో కరిగి ఉన్న లవణాల మోతాదు) కొలిచి చూసుకోండి. 200 పీపీఎం దాటితే వాన నీరో ఆర్‌ఓ నీరో కలపాలి, లేకపోతే ఉప్పు పేరుకుని వేరు కొసలు గోధుమరంగుకు తిరుగుతాయి. ఎరువు 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్నది), లీటరుకు అర గ్రాము, జూన్ నుంచి అక్టోబరు దాకా వారానికోసారి, తడిసిన వేర్ల మీదే. నెలకోసారి మంచినీళ్ళతో బాగా కడగండి.

వానాకాలంలో భయపడాల్సింది మొవ్వు కుళ్ళు. రాత్రంతా మొవ్వులో నీరు నిలిస్తే లేతాకు మొదలు నల్లబడి, లాగితే ఊడి వస్తుంది. తెల్లటి కణజాలం కనిపించేదాకా కోసి, కోతకు దాల్చినచెక్క పొడి అద్ది, వారం పాటు పైన నీళ్ళు పడనీయకండి. ఈ పొడిని వేర్ల మీద పడనీయకండి, వాటినీ ఎండబెట్టేస్తుంది. మొవ్వు పోయిన మొక్కను పారేయవద్దు, పక్కనుంచి పిలక రావచ్చు. పొలుసు పురుగును సబ్బునీటి దూదితో తుడిచి, వారం తేడాతో మరో రెండుసార్లు తుడవండి. వేరు కొసలు కొరికినట్టుంటే రాత్రి టార్చి వేసి నత్తల్ని ఏరేయాలి.

రెండో మొక్కగా రింకోస్టైలిస్ రెటుసా తెచ్చుకోండి. అస్సాంలో బిహుకు ఆడవాళ్ళు జడలో తురుముకునే నక్కతోక గుత్తి ఇదే. పెంపకం ఇలాగే గానీ నీడ కొంచెం ఎక్కువ కావాలి, వేర్లను కదిపితే అలుగుతుంది. డెండ్రోబియం ఎఫిల్లం పద్ధతి వేరు. శీతాకాలంలో ఆకులు రాల్చేస్తుంది. అప్పుడు ఎరువు పూర్తిగా ఆపి, కాడలు మరీ ముడతపడకుండా పదిరోజులకోసారి తడి చూపిస్తే చాలు. జాలిపడి నీళ్ళు పోస్తే పూలకు బదులు పిల్లమొక్కలు వస్తాయి.

విత్తనం కుండీలో చల్లితే మొలవదు. ధూళిలాంటి ఆ గింజలో తిండి నిల్వ ఉండదు, అడవిలో శిలీంధ్రం అందిస్తుంది. 1922లో అమెరికా వృక్షశాస్త్రవేత్త నడ్సన్ శిలీంధ్రం లేకుండా పోషక జెల్లీ మీద మొలిపించాకే ప్రయోగశాల సీసాల పద్ధతి వచ్చింది. సీసా మొక్కలు కొంటే జెల్లీ గోరువెచ్చని నీటితో పూర్తిగా కడగాలి, మిగిలితే బూజు పడుతుంది. పూతకు కొన్నేళ్ళు ఆగాలి.

ప్రతి మొక్కకూ జాతి పేరు, ఎక్కడిది, ఏ నెలలో వచ్చింది రాసి కట్టండి. మార్కర్ సిరా ఒక్క వేసవికే వెలిసిపోతుంది. అల్యూమినియం రేకు మీద మొనతో గీసి రాస్తే చెరగదు.