ముందు మడిగె, వెనుక కాపురం: సంతకానికి ముందు చూసుకోవలసినవి

వరంగల్‌లో ముందు మడిగె (దుకాణం గది), వెనుక రెండు గదులు ఉన్న ఇల్లు కిరాయికి దొరికితే చాలామంది అడ్వాన్సు ఇచ్చేసి, ఆ తరువాత కాగితం చదువుతారు. నేనూ అంతే. కుట్టుమిషన్లు దింపాక చూస్తే కిరాయినామాలో ‘నివాసం నిమిత్తం’ అని మాత్రమే ఉంది.

ఆ మాట బరువు కరెంటు మీటరు దగ్గర తెలిసింది. ఇంటి మీటరు మీద వ్యాపారం నడిపితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు ధర లెక్కగడతారు. ఎప్పటినుంచి నడుస్తోందో తేలకపోతే 12 నెలలు వెనక్కి వెళ్తారు. బిల్లు ఓనరు పేరున వచ్చింది, కోత నా అడ్వాన్సులో పడింది. అందుకే ‘నివాసానికి, కుట్టుపనికి’ అని రెండూ రాయించండి. మడిగెకు వేరే మీటరు ఎవరు పెట్టించాలో, ఆస్తి పన్ను పెరిగితే ఎవరు కట్టాలో కూడా అందులోనే తేల్చుకోండి.

1908 రిజిస్ట్రేషన్ చట్టం ఏడాదికి మించిన లీజుకే రిజిస్ట్రేషన్ అడుగుతుంది గానీ, తెలంగాణలో 1999 నాటి రాష్ట్ర సవరణ వల్ల ఏ లీజునైనా రిజిస్టర్ చేయించాలి. అయినా ఆ ఖర్చు తప్పించుకోవడానికి చాలామంది 11 నెలలకు రాసుకుని రిజిస్టర్ చేయించరు. కాపురానికి 11 నెలల గడువు చాలు. గిరాకీ కుదురుకోవడానికే ఏడాది పట్టే పనికి మాత్రం, ఖర్చయినా మూడేళ్లకు రిజిస్టర్ చేయించుకోవడమే నయం. ఖాళీ చేయించే గడువు రాసుకోకపోతే 1882 ఆస్తి బదిలీ చట్టం ప్రకారం ఇంటికి 15 రోజుల నోటీసు సరిపోతుంది. పదిహేను రోజుల్లో మంచాలు మోయగలం. ఒప్పుకున్న పెళ్లి జాకెట్లు ఎక్కడ కూర్చుని కుట్టాలి?

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవారికి ఇంకో చిక్కు. గుంట మగ్గం దించాలంటే గచ్చు తవ్వాలి. తవ్వడానికి అనుమతి, పోయేటప్పుడు పూడ్చి గచ్చు చేయించే ఖర్చు ఎవరిది, రెండూ రాతలో ఉండాలి. ‘ఏముందన్నా, అప్పుడు చూసుకుందాం’ అన్న ఓనరుకు ఖాళీ చేసే రోజున ఆ మాట గుర్తుండదు. బిగించిన అరలు, ఫ్యాన్లు ఎవరివో కూడా రాసుకుని, చేరిన రోజే ఫొటోలు తీసి పెట్టుకోండి.

వానాకాలానికి ముందు మారుతుంటే గోడలు చూడండి. 2023 జూలై వానలకు హనుమకొండ, వరంగల్‌లలో ఎన్నో కాలనీలు మునిగాయి. కింది భాగంలో మోకాలి ఎత్తు వరకే కొత్త రంగు ఉంటే కారణం ఓనరును కాదు, పక్కింటివాళ్లను అడగండి.