కడపలో హోటల్ తెరిచే ముందు జాగ్రత్తలు

☐ అడ్వాన్స్ ఇవ్వకముందే నీళ్లు చూసుకోండి. మే నెలలో బోరు పోస్తుందా, ట్యాంకర్ ఆ సందులోకి తిరుగుతుందా అని పక్కింటోళ్లను అడగండి. ఓనర్ ఎటూ ఉన్నాయనే చెప్తాడు.

☐ ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ రాకుండా పొయ్యి వెలిగించొద్దు. ఆ 14 అంకెల నంబరు బిల్లు మీదా ఉండాలి.

☐ 19 కిలోల కమర్షియల్ సిలిండరే. ఇంటిది వద్దు.

☐ జీఎస్టీలో ఉంటే మామూలు హోటల్‌కు 5 శాతం. సరుకు మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. కారం దోసె రేటులో ఈ లెక్క కలపండి, ఎదురు హోటల్ బోర్డు చూసి వేయకండి.

☐ నల్లబడిన నూనె పారబోయాల్సిందే, ఎంత రేటున్నా సరే.

☐ మెనూ చిన్నదే మేలు. చైనీస్ తర్వాత చూద్దురు గానీ, ముందు సంగటి, నాటుకోడి పులుసు కుదరనీండి. సంగటి కెలికే మనిషి ఒక్కడే ఉంటే, అతను రాని రోజు షాపు మూతే. ఇంకొకరికి ఇప్పుడే నేర్పించండి.