బోల్ట్ బరువుగా లేస్తుంటే నేను చేసింది

పర్లాకిమిడి చలికి నా లైసెన్సు రైఫిల్ (మౌజర్ తరహా) బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి మూసే కడ్డీ) పిడి ఎత్తడమే గగనమైపోయింది. ఇంకా నూనె పోశాను, కొత్త స్ప్రింగ్ వేయించాను, దండగ.

ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీ అని కంటితో, వేలితో చూసుకుని, డమ్మీ తూటాతో పరీక్షించాను. ట్రిగ్గర్ నొక్కాకే బరువు. కాక్ అయి ఉంటే (స్ప్రింగ్ ముందే బిగిసి పేలడానికి సిద్ధంగా ఉంటే) పిడి తేలిగ్గానే లేస్తోంది. అంటే రాపిడంతా, పిడి ఎత్తేటప్పుడు స్ప్రింగ్‌ను బిగించే, బోల్ట్ వెనక ఉన్న ఏటవాలు గాడిలోనే. బోల్ట్ విప్పి, అక్కడ బంకలా ఎండిన పాత గ్రీజును కిరసనాయిలు, పాత టూత్‌బ్రష్‌తో కడిగాను. ఆరాక ఆవగింజంత కొత్త గ్రీజు గాడికి, అందులో జారే ముక్కుకి రాసి 30 సార్లు ఆడించాను. స్ప్రింగ్ గూట్లో మాత్రం రాయలేదు, తూటాను కొట్టే పిన్ను మందగిస్తుంది. ఆకురాయి జోలికి అసలే పోలేదు.

ఇప్పుడు రెండు వేళ్లతో లేస్తోంది. లీ-ఎన్‌ఫీల్డ్ తరహావి మూసేటప్పుడు కాక్ అవుతాయి, వాటికిది పనిచేయకపోవచ్చు. డమ్మీతో బాగానే ఉండి, నిజం తూటా పేల్చాకే బిగుస్తుంటే మాత్రం లైసెన్సున్న తుపాకీ మెకానిక్‌కి చూపించండి.